మధువనము - రామనగరము
(నిత్యజీవితమున ఉత్సాహమునకు మూడు ఊతలు)

భగవద్భక్తి యనగానే మనలో పలువురకు గంభీరమైన ముఖము, అరమోడ్పు కన్నులు, ఉపవాసముచే వాడిన దేహము తలపునకు వచ్చును. ఇంట పెద్దవారు తులసిమాల చేతబట్టి కూర్చుండగా పిల్లలు పకపక నవ్వినచో "దేవుని యెదుట నవ్వు లేమిటి?" అని కసరుట మనకు అలవాటు. శ్రీరామనవమినాడు పానకమునకు రెండవమారు చేయి చాచిన బాలుని "ప్రసాదము రుచి కొరకా?" అని మందలింతుము. ఈ మందలింపులో కొంత న్యాయము లేకపోలేదు. కాని నవ్వును, చిన్న చిన్న సుఖములను భక్తి నుండి పూర్తిగా వెలివేసినచో మిగులునది ఉత్సాహము చచ్చిన నియమము మాత్రమే. అట్టి నియమము పది దినములు నిలుచును. పదునొకండవ దినమున బరువగును.

దినదినమును మనలను లేపి నడిపించు ఉత్సాహము ఎచటి నుండి వచ్చును? మహోత్సవములు నిత్యము జరుగవు. కొండకు పోయి స్వామిని సేవించు భాగ్యము ఏడాది కొకమారు లభించినచో గొప్ప. తక్కిన దినములన్నియు పొలము, మగ్గము, అంగడి, వంటయిల్లు, పిల్లల చదువు, అప్పుల లెక్క - వీనితోనే గడచును. ఆ దినములలో మనస్సు కుంగిపోకుండ నిలుపుటకు మన పెద్దలు మూడు ఊతలను చూపిరి. ఒకటి, నిర్దోషమైన హాసము. రెండవది, నలుగురితో పంచుకొన్న చిన్న సుఖము. మూడవది, తగిన సమయమున పలుకబడిన పెద్దవారి మాట. వీనికి శ్రీమద్రామాయణమున ఒక నిదర్శనమును, మన కోస్తాసీమలో వాడరేవు ఇసుకకు చేరువనే జరిగిన చరిత్రలో మరియొక నిదర్శనమును కలవు. ఆ రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచి పరిశీలింతము.

సముద్రతీరమున నిరాశ

సీతాన్వేషణమునకై దక్షిణదిశకు పోయిన వానరులకు సుగ్రీవుడు ఒక మాసము గడువు విధించెను. గడువు దాటెను. సీతమ్మ జాడ దొరకలేదు. ఎదుట అపారమైన సముద్రము, వెనుక రాజదండనము. యువరాజగు అంగదుడే ధైర్యము కోల్పోయి ప్రాయోపవేశమునకు సిద్ధపడెను. తక్కిన వానరులును కన్నీరు కార్చుచు దర్భలు పరచుకొని ఒడ్డున కూర్చుండిరి. శక్తిమంతులకు నిరాశ కలుగదని మన మనుకొందుము. ఆ గుంపులో హనుమంతుడును ఉండెను గదా! శక్తి యున్నను అది గుర్తునకు రాని వేళ మనుజుడు దుర్బలునితో సమానుడు.

పిమ్మట సంపాతి వలన లంక జాడ తెలిసెను. కాని సముద్రము నూఱు యోజనములు. ఒక్కొక్క వీరుడు తన దూకుడు పది యోజనములనియు, ఇరువది యనియు లెక్క చెప్పుచుండెను. వృద్ధుడైన జాంబవంతుడు తన యౌవనమున త్రివిక్రమునకు ప్రదక్షిణము చేసిన మాట తలచుకొని, ఇప్పుడు తొంబది యోజనములకు మించి పోజాలనని నిష్కపటముగా చెప్పెను. అటుపిమ్మట ఆ పెద్దాయన చేసిన పని గమనింపదగినది. మాటలాడుచున్న వారి నందరను విడిచి, ఒకమూల మౌనముగా కూర్చుండిన హనుమంతుని చెంతకు పోయెను. అతని పుట్టుక, బాల్యమున సూర్యుని పండనుకొని ఎగిరిన వృత్తాంతము, దేవత లిచ్చిన వరములు - అన్నియు వరుసగా గుర్తుచేసెను. ఇందులో ముఖస్తుతి లేదు. అబద్ధపు ఊరడింపు లేదు. ఉన్నదానినే ఉన్నదని చెప్పెను. హనుమంతుని దేహము పెరిగెను.

గురుత్వమనగా నిదియే. తాను దాటలేని సముద్రమును దాటగలవాని నెఱిగి, వానికి వాని బలమును చూపుట. తనకు చేతకాదని ఒప్పుకొనుటకు సిగ్గుపడని పెద్దవాడే పిన్నవానిని పైకెత్తగలడు.

మధువనమున వినోదము

కార్యము సిద్ధించెను. హనుమంతుడు సీతమ్మను చూచి వచ్చెను. కిష్కింధకు మరలుచు వానరులు త్రోవలో సుగ్రీవుని మధువనము చూచిరి. దానికి కావలి యున్నవాడు దధిముఖుడు, సుగ్రీవునకు మేనమామ. వానరులు తేనె త్రాగుటకు అనుమతి వేడిరి. అంగదుడు జాంబవంతుడు మొదలగు పెద్దల నడిగి అనుమతించెను. ఇక చూడవలెను! ఒకడు పాడును, ఒకడు నవ్వును, ఒకడు చెట్టు నుండి చెట్టునకు దూకును, ఒకడు ఏడ్చువానిని చూచి తానును ఏడ్చును. వాల్మీకి మహర్షి ఇంత గంభీరమైన సుందరకాండమున ఈ అల్లరికి కొన్ని సర్గలే కేటాయించెను. అది కథకు అడ్డమని ఆయన తలపలేదు.

దధిముఖుడు అడ్డగింపబోయి దెబ్బలు తిని సుగ్రీవునితో మొఱపెట్టుకొనెను. సుగ్రీవుడు కోపింపలేదు సరిగదా, సంతోషించెను. కార్యము సాధింపకున్నచో వారు నా మధువనమును ముట్టజాలరు. కావున సీత కనబడినదని నిశ్చయించెను. ప్రక్కనున్న రామలక్ష్మణులకు ఆ వానరుల అల్లరియే మొదటి శుభవార్త యయ్యెను.

ఈ ఘట్టమున మూడు నియమములు దాగియున్నవి. వానరులు పని కాకమునుపు తేనె ముట్టలేదు. పెద్దల అనుమతి లేక ముట్టలేదు. ఒక్కడును ఒంటరిగా త్రాగలేదు. మరియొక నీతియు కలదు. ముసలివాడైన కావలివానిని కొట్టుట హద్దు మీరిన పనియే. అయినను దధిముఖుడు తిరిగివచ్చి అంగదునకు అంజలి ఘటించి, అడ్డగించుటను మన్నింపుమని కోరెను. వినోదము కలతగా మారకుండుటకు ఎవరో ఒకరు తగ్గవలెను. ఇచట పెద్దవాడే తగ్గెను.

సంప్రదాయమున నవ్వు, ప్రసాదము

శ్రీవైష్ణవ గృహములలో ధనుర్మాసమున అనుసంధించు తిరుప్పావై ముప్పది పాశురములలోను ఈ రుచులు కనబడును. రెండవ పాశురమున గోపికలు నేయి, పాలు విడుతుమనియు, కాటుక పెట్టమనియు, పూలు ముడువమనియు వ్రతము పట్టిరి. ఇరువదియేడవ పాశురము వచ్చునప్పటికి నగలు, క్రొత్త వస్త్రములు, మోచేతి వఱకు నేయి కారు పాలయన్నము - అన్నియు వచ్చినవి. విడిచినదే తిరిగి వచ్చినది. కాని వచ్చినప్పుడు అందరితో కూడి అనుభవించుటకై వచ్చినది. ఒంటరి నోటికి భోగమైనది, పదిమంది చేతులలో ప్రసాద మగును. నడుమ పది పాశురములలో ఆండాళమ్మ చెలులను మేలుకొలుపు తీరు ఎంత కొంటెగా నుండును! చెలి చెవిటిదా, మూగదా, మంత్రముచే కట్టుబడినదా అని ఆ పిల్లలు పరిహాసమాడుదురు. పదునైదవ పాశురమున లోపలి చెలియు, వెలుపలి చెలులును మాటకు మాట అప్పగించుకొందురు. ఆ పరిహాసమంతయు నిద్రలేపుటకే గాని నొప్పించుటకు కాదు.

మన తెలుగు భక్తకవులకును నవ్వు పరాయిది కాదు. కాసుల పురుషోత్తమకవి కృష్ణాతీరమున శ్రీకాకుళమున వెలసిన ఆంధ్రమహావిష్ణువుపై రచించిన ఆంధ్రనాయక శతకమున పైకి నిందించుచు లోపల స్తుతించెను. స్నేహము లేనిదే అట్టి నింద సాధ్యము కాదు. త్యాగరాజస్వామి నౌకాచరిత్రమున ఓడ నడపుట మాకే తెలియునని గర్వించిన గోపికలకు నడియేట తుపాను వచ్చును, ఓడకు చిల్లి పడును. చూచువారికి నవ్వు, గోపికలకు భయము, ఆ రెండింటి నడుమ గర్వము కరగి శరణాగతి కలుగును. వాడరేవు ఒడ్డున వల లాగుచు "హైలెస్సా" అని పలుకు జాలరులకు ఈ కథ చెప్పనక్కరలేదు. సముద్రము ఎవరి గర్వమును ఎంతసేపు ఉంచునో వారికి బాగుగ తెలియును.

తోలుబొమ్మలాటను చూడుడు. రామరావణ యుద్ధము రాత్రియెల్ల సాగుచుండగా నడుమ కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి తగవులాడుకొందురు. పగలంతయు మిరపకాయలు కోసి, ప్రత్తి తీసి అలసిన జనము తూగుచుండును. కేతిగాని మాటకు గొల్లున నవ్వి లేచి కూర్చుండును. అంతలో సీతమ్మ తెరపైకి వచ్చును. మేలుకొన్న కన్నులతో అమ్మను చూతురు. ఆ హాస్యము లేకున్నచో అమ్మ వచ్చువేళకు సగము ఊరు నిద్రలో నుండెడిది. భక్తిలో హాసమునకు గల స్థానమేమో ఈ బొమ్మలాటవారు మనకు శాస్త్రము చెప్పకయే చూపిరి.

ఆంధ్రరత్నము

ఇక చరిత్రకు వత్తము. వాడరేవునకు పోవు యాత్రికులు చీరాల రైలుస్టేషనులో దిగుదురు. చీరాల 1970 వఱకు గుంటూరు జిల్లాలోను, పిమ్మట ప్రకాశం జిల్లాలోను ఉండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరినది. నేతపనివారు విరివిగా గల ఊరు. అచటి ప్రజలను నడిపిన మహనీయుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు.

ఆయన 1889 జూన్ 2వ తేదీన కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలున జన్మించెను. శైశవముననే తలిదండ్రులను కోల్పోయి బంధువుల పెంపకమున పెరిగెను. తల్లి ఒడి ఎఱుగని ఆ బాలుడే పదిమందిని నవ్వించువాడగుట గమనింపదగినది. విద్యార్థిదశలోనే సంగీతము, నాటకము ఆయనకు ప్రీతిపాత్రములు. బాపట్ల తాలూకా కచేరిలో కొంతకాలము ఉద్యోగము చేసి, 1911లో స్కాట్లండునందలి ఎడింబరోకు పోయి ఎం.ఏ. పట్టము పొందెను. కళామర్మజ్ఞుడైన ఆనంద కుమారస్వామిగారితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లమున అనువదించెను. అది 1917లో వెలువడెను. సముద్రములు దాటి పోయిన ఈ యువకునికి స్వదేశపు నాట్యశాస్త్రమున గల సొంపును వెలికి తెచ్చు పనిలో అట్టి పెద్దవాని సాంగత్యము లభించుట చిన్న భాగ్యము కాదు.

స్వదేశమునకు వచ్చి కొంతకాలము అధ్యాపకుడుగా నుండి, పిమ్మట చీరాలలో స్థిరపడెను. ఆయన మాటలలోని చమత్కారము, అప్పటికప్పుడు చెప్పు చాటువులు, ఎదుటివానిని నవ్వించుచునే ఆలోచింపజేయు నేర్పు నాటి ఆంధ్రదేశమున ప్రసిద్ధములు. ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠిని స్థాపించి పండితులను, కళాకారులను కూడగట్టెను. తోలుబొమ్మలాట, వీధిభాగవతము, జముకుల కథ, గొల్లకలాపము మున్నగు పల్లెకళలను ఆదరించెను. పండితుల చావడికే పరిమితమైన విషయము పామరునకును అందవలెనన్నది ఆయన సంకల్పము. శ్రీరాముని సేనను తలపించునట్లు "రామదండు" అను స్వచ్ఛంద సేవకుల దళమును కూర్చెను. కాషాయవస్త్రములు ధరించి, నుదుట సింధూరము పెట్టుకొని, రుద్రాక్షలు దాల్చి వారు సేవ చేయుచుండిరి. 1921లో విజయవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశమున ఆ మహాజనసమూహమును అదుపులో నుంచి సేవించినవారు ఈ రామదండువారే.

రామనగరము

చీరాల, పేరాల గ్రామములను కలిపి పురపాలక సంఘముగా చేయుటతో ఏటికి సుమారు 4,000 రూపాయలుగా నున్న పన్ను సుమారు 40,000 రూపాయలకు పెరిగెను. చేనేతతో పొట్టపోసుకొను కుటుంబములకు అది మోయరాని భారము. పన్ను చెల్లింపమని ప్రజలు నిలిచిరి. కొందరు చెఱసాలకు పోయిరి. వారిలో రావూరి అలమేలమ్మ యను స్త్రీయు కలదు. 1921 ఏప్రిల్ మాసమున గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చి రెండు మార్గములు చూపెను: అహింసతో నిలిచి ఎదుర్కొనుట, లేదా పురపాలక సంఘపు సరిహద్దు దాటి ఊరు విడిచిపోవుట. ప్రజలు రెండవదానిని ఎన్నుకొనిరి.

ఇంచుమించు 15,000 జనములో 13,000 మంది తమ యిండ్లకు తాళములు వేసి ఊరి వెలుపల పాకలు వేసుకొనిరి. ఆ పాకల ఊరికి "రామనగరము" అని పేరిడిరి. మగ్గము గుంట త్రవ్వి పాతుకొని యుండునది. దానిని విడిచివచ్చుట నేతవానికి చేయి విడిచివచ్చుటతో సమానము. పసిపిల్లలు, బాలింతలు, ముదుసలులు - అందరును ఎండకు ఎండి, వానకు తడిసి, చలికి వణకి పదునొకండు మాసములు నిలిచిరి.

పాఠకమహాశయులారా! ఒక దినము ఉపవాసముండుట వేరు. పదునొకండు మాసములు పాకలో నుండుట వేరు. మొదటిదానికి ఆవేశము చాలును. రెండవదానికి ప్రతి ఉదయము క్రొత్తగా పుట్టు ఉత్సాహము కావలెను. పాకల వాడకు ఇచ్చిన పేరే చూడుడు. "దిక్కులేనివారి పాకలు" అని పిలుచుకొన్నచో దినము గడుచుట కష్టమయ్యెడిది. "రామనగరము" అనగానే వనవాసము జ్ఞాపకము వచ్చును. చక్రవర్తి కుమారుడే పర్ణశాలలో నుండెను గదా యను ఊరట కలుగును. పేరు పెట్టుట కాసు ఖర్చు లేని పని. అయినను ఒక పేరు జనమునకు తల యెత్తుకొను ధైర్యమిచ్చినది. రామదండు సేవకుడు తాను పన్ను కట్టలేని పేదవాడనని కాక, రాముని సేనలోని వాడనని తలచుకొనెను. జాంబవంతుడు హనుమంతునకు చేసినదే గోపాలకృష్ణయ్యగారు చీరాల నేతవానికి చేసెను.

ఫలమేమి?

ఇంతకును ఫలమేమి యని మీ రడుగవచ్చును. దాచవలసిన పని లేదు. ఉద్యమము నడుచుచుండగా గోపాలకృష్ణయ్యగారు బరంపురమున ప్రసంగించినందులకు నిర్బంధింపబడి, ఏడాది శిక్ష పొంది తిరుచిరాపల్లి చెఱసాలకు పోయెను. నాయకుడు చెంత లేడు. బ్రతుకుతెరువు చిక్కులు పెరిగినవి. అనుకొన్న ఫలము చేతికి రాకుండనే జనులు తమ యిండ్లకు మరలిరి. ఆయనయు 1928 జూన్ 10వ తేదీన, ముప్పది తొమ్మిదవ యేటనే పరమపదించెను.

ఇచట మనము నేర్వవలసిన కఠినమైన పాఠమొకటి కలదు. ఎంతటి చమత్కారి యైనను, ఎంతటి ఉపదేష్ట యైనను ఒక్కడే దీపమైనచో ఆ దీపమును తొలగించిన క్షణమున చీకటి కమ్మును. చీరాల ప్రజల త్యాగమునకు దీనివలన కొఱత రాదు; ఇల్లు విడిచి పదునొకండు మాసములు నిలిచినవారిని నిలువలేదని అనుట న్యాయము కాదు. కాని భగవద్రామానుజులు ఈ విషయమున చూపిన ముందుచూపు స్మరింపదగినది. ఆయన స్వయముగా అయిదుగురు ఆచార్యుల చెంత విద్య నేర్చెను. తిరుపతిలో తిరుమలనంబి చెంత ఏడాదికాలము శ్రీరామాయణార్థములు వినెను. తిరుక్కోట్టియూర్ నంబి రహస్యార్థమునకై పదునెనిమిది మారులు త్రిప్పుకొనెనని గురుపరంపర చెప్పును. అంత కష్టపడి పొందినదానిని ఆయన ఒక్క శిష్యునియందే నిలుపలేదు. డెబ్బది నలుగురిని సింహాసనాధిపతులుగా నియమించెనని సంప్రదాయము. ఒక దీపము ఆరినను వరుస చీకటి కాకూడదనియే ఆ ఏర్పాటు. గురువు గొప్పతనము శిష్యుని తయారుచేయుటతో ముగియదు. ఆ శిష్యుని మరియొక గురువుగా చేయుటతో పూర్తియగును.

అయినను గోపాలకృష్ణయ్యగారు నాటిన విత్తనము వృథా కాలేదు. ఆంధ్రదేశము ఆయనను "ఆంధ్రరత్న" మని నేటికిని తలచుచున్నది. చీరాల చేరువనే వేటపాలెమున 1918లో వెలసిన సారస్వత నికేతన గ్రంథాలయము నూఱేండ్లు దాటినను నిలిచియున్నది. గాంధీమహాత్ముని చేతికఱ్ఱ ఒకటి అచట భద్రపరుపబడి యున్నది. పెద్దలు పోయిరి, ఊతకఱ్ఱ మిగిలినది. దానిని చూచి నిట్టూర్చుటకన్న, మన ప్రక్కవానికి మనమే ఊత యగుట మేలు.

మన యిండ్లలో ఆచరించు విధము

మొదట హాసము. నవ్వినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకొనవలెను. ఈ మాటకు ఎదుటివాడును నవ్వునా? ఈ నవ్వు వానిని మేలుకొలుపునా, కుంగదీయునా? నన్ను చూచి నేను నవ్వుకొనగలనా? బలహీనుని అవిటితనమును, పేదవాని బట్టను, అత్తవారింటి కోడలి వంటను పరిహసించుట హాసము కాదు, హింస. తన గర్వమును తాను పరిహసించుకొనుట సత్త్వగుణము.

రెండవది చిన్న సుఖము. శ్రీరంగమున పసిపిల్లలు వీధి మట్టిలో గుడి గీసి, ఇసుకను ప్రసాదమని పంచి ఆడుకొనుచుండగా, ఆ దారిని వచ్చిన రామానుజులు దానిని ప్రసాదముగనే భక్తితో గ్రహించెనని పెద్దలు చెప్పుదురు. కార్తిక పూర్ణిమకు వాడరేవున సముద్రస్నానము చేయువారు ఒడ్డున పిల్లలు కట్టు ఇసుకగుడులను చూతురు. త్రొక్కి పోకుడు. ఒక్క క్షణము నిలిచి చేతులు జోడించినచో ఆ పిల్లవాడు ఆ దినమును మరువడు. వేడి కాఫీ గ్రుక్కెడు, పెరటి సన్నజాజి, సాయంకాలపు సముద్రపుగాలి, ప్రాతపుస్తకమున దొరకిన మంచి పద్యము - ఇవి అల్పములే. "ఇది స్వామి యిచ్చినది" అని తలచి, కొంత ఇతరులకు పంచినచో అవియే నైవేద్యము లగును. పని మాని వెదకినచో అవియే వ్యసనము లగును. మధువనపు నియమము మరువరాదు: పని పిమ్మట, పెద్దల యెఱుకతో, నలుగురితో కలిసి.

మూడవది పెద్దల మాట. మీ యింటిలోనో వీధిలోనో మూల కూర్చుండిన హనుమంతు డొకడు తప్పక యుండును. పరీక్ష తప్పిన విద్యార్థి కావచ్చును. మిరపకు ధర పడిపోయి కళ్లములోనే కూలబడిన రైతు కావచ్చును. మగ్గము మూలబడిన నేతగాడు కావచ్చును. అతడు తనంత తాను వచ్చి అడుగడు. మాటలాడువారి గుంపును విడిచి మీరే అతని చెంతకు పోవలెను. లోకములోని గొప్పవారి కథలు చెప్పనక్కరలేదు. అతడు మునుపు చేసిన మంచి పని నొకదానిని, నిజముగా జరిగినదానిని, పేరుపెట్టి గుర్తుచేయుడు. మీకు చేతకానిది చేతకాదని ఒప్పుకొనుడు. అటుపిమ్మట వానితో కలిసి ఒక ముద్ద ప్రసాదము తినుడు. వీలైనచో ఒకమారు నవ్వింపుడు.

సముద్రము నూఱు యోజనములుగానే యుండును. మన ఒక్క మాట దానిని ఇంకింపజాలదు. కాని ఒడ్డున దర్భలు పరచుకొని కూర్చుండినవానిని లేచి నిలువబడునట్లు చేయుటకు ఆ ఒక్క మాట చాలును. ఆ పిమ్మట దాటించువాడు శ్రీరామచంద్రుడు.